ఇట్టలన్: సవర గోడబొమ్మల పుట్టుపూర్వోత్తరాలు

సవర గిరిజనుల ఇంట్లో గోడ మీద బొమ్మ వేయడం పూర్తయినా పని పూర్తయినట్టు కాదు. దాన్ని చూసి సరేననాల్సినవాళ్ళు ఇంకా రావాలి. కురన్‌మరన్, అంటే ఆ ఊరి పూజారి, పూనకంలోకి వెళ్తాడు. ఎవరి కోసం బొమ్మ వేశారో ఆ ఆత్మ అతని మీదికి వచ్చి గోడ మొత్తం పరికిస్తుంది. ఏదైనా తక్కువైందంటే చిత్రకారుడు మళ్ళీ పుల్ల పట్టి దాన్ని చేర్చాల్సిందే. రాయగడ జిల్లా గుణుపురం కొండల్లోనూ, పక్కనున్న పర్లాకిమిడి కొండల్లోనూ తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1940లలో ఈ తంతును నమోదు చేశాడు. బొమ్మలో కాపురం ఉండబోయేవాళ్ళే దాని బాగోగులు తేల్చే పద్ధతి మరే చిత్రకళలోనూ అంత తేలిగ్గా కనిపించదు.

కాపురమన్నది ఇక్కడ మాటవరసకు అన్నది కాదు. గోడ మీద గీసే చతురస్రమో వలయమో ఆత్మకు ఇల్లు. ఇంట్లో జబ్బు చేస్తే, పంట దెబ్బతింటే, కాన్పు కష్టమైతే ఏ సోనుం బాధిస్తోందో పూజారి చెబుతాడు. సోనుం అంటే ఆత్మ, దేవత. తనకంటూ ఇల్లు దొరికితే అది ఇంటివాళ్ళను వదిలేస్తుందని నమ్మకం.

ముందు గోడను ఎర్రమట్టితో అలుకుతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో తెలుపు, దీపపు మసితో నలుపు. కొస చితక్కొట్టిన పుల్లే కుంచె. చిత్రకారుడు గోడ ముందు బియ్యం, కల్లు పెట్టి సోనుంను పిలుస్తాడు, అక్కడే పడుకుంటాడు, కలలో కనిపించింది గీస్తాడు. రెండు త్రికోణాల్ని మొనల దగ్గర కలిపితే మనిషి నడుము, దానికి పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. చుట్టూ సూర్యుడు, చంద్రుడు, కోతులు, ఏనుగులు, జీలుగు చెట్లు. ఈ బొమ్మ పేరే ఇట్టలన్, గీసేవాడు ఇట్టల్‌మరన్. మర్ అంటే మగమనిషి, బోయ్ అంటే ఆడమనిషి. అందుకే పూజారి కురన్‌మరన్ అయితే పూజారిణి కురన్‌బోయ్.

జబ్బును బొమ్మతో పంపించే ఆలోచన సవరలదొక్కరిదే కాదు. ఎడో యుగపు జపాన్‌లో మశూచి సోకిన పిల్లల కోసం చెక్క అచ్చులతో కేవలం ఎర్ర రంగులో ముద్రించిన బొమ్మలుండేవి. వాటిని హోసో-ఎ అనేవారు. వాటి మీద దయ్యాల్ని తరిమే షోకి, మశూచిని ఊళ్ళోకి రానివ్వని వీరుడు తమెటోమో ఉండేవారు. బిడ్డ కోలుకోగానే వాటిని తగలబెట్టడమో, ఏట్లో వదిలేయడమో చేసేవారు. జపాన్ అచ్చుబొమ్మలో పనికో పేరుంది. గీసేవాడు ఎషి, చెక్క చెక్కేవాడు హోరిషి, అచ్చు తీసేవాడు సురిషి, పెట్టుబడి పెట్టి అమ్మేవాడు హాన్‌మోటో. రంగులు ఒకదాని మీద ఒకటి జరగకుండా చెక్క మూలన చెక్కే గుర్తు కెంతో, కాగితం వెనక రుద్దే వెదురురేకు బిళ్ళ బారెన్. టోక్యోలో నేటికీ చెక్కేవాళ్ళకూ అచ్చు తీసేవాళ్ళకూ శిక్షణ సాగుతోంది కాబట్టి ఆ మాటలు పనిలో బతికే ఉన్నాయి.

సవర బొమ్మ వయసు గోడ వయసంతే, కాబట్టి పాత ఆనవాళ్ళు రాతల్లోనే వెతకాలి. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రుల్నీ, సవరల పాత పేరుగా చెప్పే శబరుల్నీ ఒకే వరుసలో చెప్పింది. అక్కడి నుంచి ఒక్క గెంతు వేస్తే 19వ శతాబ్దపు పర్లాకిమిడిలో ఆగుతాం. ఆగి నిలబడదగ్గ చోటే అది.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి ఊరికి దగ్గరి కొండల నుంచి వచ్చే సవరల మాట విన్నారు. ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. అది తెలుగుకీ ఒడియాకీ బంధువు కాదు. సంతాలీకి చుట్టమైన ముండా భాష. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. సర్కారు పారితోషికం ఇస్తానంటే ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. అడవుల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ చెవుల్ని తీసేసింది. మాటలు వినడానికే జీవితం ధారపోసిన మనిషికి చెవుడు రావడం కన్నా క్రూరమైన సంగతి తెలుగు భాషాచరిత్రలో మరొకటి లేదు. అయినా ఆగలేదు. సవర భాషా మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చాయి. కొడుకు సీతాపతి సవరల జీవితం మీద ఆంధ్ర హిస్టారికల్ రీసెర్చ్ సొసైటీ పత్రికలో వరసగా రాశారు. వాడుక భాష కోసం గ్రాంథికవాదులతో గిడుగు చేసిన పోరాటాన్ని తెలుగువాళ్ళు తలుచుకుంటారు. నోటి మాటకు అంత విలువ ఇవ్వడం ఆయనకు అలవాటైంది సవరల దగ్గర కూడా అన్నది మరిచిపోతారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలపడం భరించలేక గిడుగు రాజమండ్రికి వెళ్ళిపోయారు. గుణుపురం, కోరాపుట్ కొండలూ అదే రోజు విశాఖ జిల్లా నుంచి విడివడ్డాయి. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 18న, గుణుపురం దగ్గరి మరిచిగుడలో మంగై గొమాంగో సవరకు సొంత లిపిని ప్రకటించాడు. ఒడియా, తెలుగు చదువుకున్నవాడాయన. ఆయన సొరాంగ్ సొంపెంగ్ లిపిలో 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో సోనుం. గోడ మీది బొమ్మలో ఇల్లు దొరికినట్టే సోనుంలకు అక్షరాల్లోనూ చోటు దొరికింది. 2012లో ఆ లిపి యూనికోడ్‌లోకి చేరింది.

ఎల్విన్ 1951లో అచ్చువేసిన పుస్తకం, ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా, చూస్తే ఆ గోడలు పాతకాలాన్ని పట్టుకుని కూర్చోలేదని తెలుస్తుంది. సైకిళ్ళున్నాయి, రైళ్ళున్నాయి, విమానాలున్నాయి. కొండ దిగినప్పుడు చూసిన వింతలన్నీ సోనుంకూ కావాలి కదా.

తర్వాతి కాలంలో చాలామంది సవరలు బాప్టిస్టు సంఘాల్లో చేరారు. 1970ల నుంచి వాళ్ళ మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 2017లో రాసిన పుస్తకం పేరు లివింగ్ వితౌట్ ద డెడ్, అంటే చనిపోయినవాళ్ళు లేకుండా బతకడం. ఏ దేవుణ్ణి కొలవాలన్నది వాళ్ళ ఇష్టం. కానీ ఇంట్లో ఆత్మలకు చోటు లేనప్పుడు గోడ మీద వాటి ఇల్లూ అక్కర్లేదు. బొమ్మ మాత్రం చీరల మీదికి, కాన్వాసు మీదికి, సర్కారు భవనాల ప్రహరీల మీదికి వలస వెళ్ళింది. దాన్ని ఇప్పుడు సౌరా పెయింటింగ్ అంటున్నారు. 2024 జనవరిలో లాంజియా సౌరా (సవరల్లో ఒక శాఖ) చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కళాకారుడికి నాలుగు డబ్బులు రావడం మంచిదే. పోయింది మాత్రం చిన్నదేమీ కాదు: జపాన్ అచ్చుపని మాటల్లా కాక, ఇట్టలన్, ఇట్టల్‌మరన్, కురన్‌బోయ్ అన్న మాటలు అమ్మకపు చీటీల మీద కనిపించవు. ఆ మాటలతోపాటు బొమ్మ ఎందుకు వేస్తారన్న సంగతీ మాయమవుతోంది.

ఏటా ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో ఆయన తెలుగు వ్యాసాలతోపాటు సవర మాన్యువల్‌నూ పిల్లలకు చూపించండి. సవర పిల్లలు చదివే సీతంపేట, గుణుపురం బడుల్లోనైతే ఆ పని ముందుగా జరగాలి.