పసికందు తలపై సంచిలాంటి వాపు.. ఎన్‌సెఫలోసిల్ అంటే ఏంటి? ముందే గుర్తించొచ్చా?

పుట్టిన బిడ్డ తల వెనుక మెత్తటి సంచిలా వాపు కనిపిస్తే ఏ తల్లిదండ్రులకైనా గుండె ఆగినంత పనవుతుంది. ఇలాంటి వాపుల్లో అరుదుగా కనిపించేది ఎన్‌సెఫలోసిల్. పుర్రె ఎముకలో ఏర్పడిన రంధ్రం గుండా మెదడు పొరలు, మెదడు నీరు, కొన్నిసార్లు మెదడులో కొంత భాగం బయటకు పొడుచుకు రావడమే ఈ సమస్య.

అన్ని వాపులూ ఇదేనా?

కాదు. ప్రసవంలో తలపై పడే ఒత్తిడి వల్ల వచ్చే వాపు చాలావరకు కొన్ని రోజుల్లో, వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఎన్‌సెఫలోసిల్ మాత్రం తగ్గదు. ఎక్కువగా తల వెనుక భాగంలో వస్తుంది. కొందరిలో ముక్కు మొదట్లో, నుదుటిపై కూడా కనిపిస్తుంది.

ఎందుకొస్తుంది?

గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మెదడు, వెన్నుపాముగా మారే న్యూరల్ ట్యూబ్ మూసుకోవాలి. ఆ దశలో తేడా వస్తే ఇలాంటి లోపాలు వస్తాయి. చాలామందికి నెల తప్పిన విషయం ఖాయమయ్యేలోపే ఈ దశ దాటిపోతుంది. జన్యు కారణాలూ ఉంటాయి. మెకెల్ గ్రూబర్ సిండ్రోమ్ లాంటి వ్యాధుల్లో ఇది ఒక లక్షణం. మేనరికపు పెళ్లిళ్లలో అలాంటి జన్యు వ్యాధుల ముప్పు ఎక్కువ. అంతేకానీ గ్రహణం పట్టినప్పుడు తల్లి బయటకు రావడం వల్ల ఇది రాదు. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

ఎలా తెలుస్తుంది?

18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో చాలా కేసులు బయటపడతాయి. వాపుపై చర్మం పూర్తిగా కప్పి ఉంటే రక్తపరీక్షలో తేలకపోవచ్చు. అందుకే స్కాన్ ముఖ్యం.

చికిత్స ఉందా?

ఉంది. న్యూరో సర్జన్లు ఎంఆర్ఐ చూసి, ఆపరేషన్‌తో సంచిని తొలగించి రంధ్రాన్ని మూసేస్తారు. చర్మం గట్టిగా ఉంటే కొంతకాలం ఆగొచ్చు. నీరు కారుతుంటే మాత్రం ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంటుంది కాబట్టి వెంటనే చేయాలి. తలలో నీరు చేరితే షంట్ వేస్తారు. సంచిలో మెదడు భాగం ఎంత ఉంది, వేరే లోపాలు ఉన్నాయా అనే దానిపైనే బిడ్డ భవిష్యత్తు ఆధారపడుతుంది. కొందరు పిల్లలు మామూలుగా ఎదుగుతారు. కొందరికి ఫిట్స్, చూపు సమస్యలు, ఎదుగుదలలో ఆలస్యం ఉండొచ్చు.

ఇంట్లో ఏం చేయకూడదు?

వాపును నొక్కడం, సూదితో గుచ్చడం, పసర్లు పూయడం అస్సలు చేయొద్దు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ముందు జాగ్రత్త ఏంటి?

పిల్లల కోసం ప్లాన్ చేసుకునేవారు కనీసం నెల ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. గతంలో న్యూరల్ ట్యూబ్ లోపంతో బిడ్డ పుట్టి ఉంటే డోసు 4 మిల్లీగ్రాముల వరకు పెంచుతారు. అది డాక్టరే రాయాలి. అలాంటి తల్లులపై బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ చేసి 1991లో వెల్లడించిన అధ్యయనంలో, ఫోలిక్ యాసిడ్‌తో ఈ తరహా లోపాలు మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. షుగర్ ఉన్నవారు, ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ మందులు వాడేవారు గర్భం రాకముందే డాక్టర్‌ను కలవాలి. మందులు సొంతంగా ఆపేయొద్దు.