తాళంచెవి ఇచ్చాక మిగిలే హక్కు: మాగ్డెబర్గ్ అద్దె గదుల్లో తెలుగు విద్యార్థులు

తెలుగువారి వలసల మీద గడిచిన పాతికేళ్లలో వచ్చిన పరిశోధన తక్కువేమీ కాదు. అందులో మనవాళ్లు కోడ్ రాస్తారు, వీసా కోసం కాచుకుంటారు, ఇంటికి డబ్బు పంపుతారు, సంఘాలు పెట్టి సంక్రాంతి చేస్తారు. అద్దెకు ఉండటం మాత్రం కనపడదు. సియాంగ్ బియావో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా మన ఐటీ కుర్రాళ్ల వెంట నడిచిన పుస్తకం. కట్నం లెక్కలు, బెంచి మీద గడిపిన నెలలు, కన్సల్టెన్సీల బేరాలు అందులో ఉన్నాయి. కరోల్ ఉపాధ్య కోస్తాంధ్రలో ఇంజనీరింగ్ చదువుల మోజుకూ వలసకూ ఉన్న ముడిని విప్పి చూపారు. ఇద్దరి దగ్గరా నేర్చుకున్నాను. అయినా ఈ సాహిత్యంలో ఇల్లు పనికి అనుబంధంగానే వస్తుంది. ఆ ఇంటి తలుపుకు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆ మనిషి దాన్ని ఎప్పుడు వాడతాడు అన్న ప్రశ్న నాకెక్కడా ఎదురుకాలేదు.

ఎదురైంది మాగ్డెబర్గ్‌లో. 2022–23 శీతాకాలపు సెమిస్టర్ నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. ఎల్బె ఒడ్డున ఉన్న ఈ సాక్సనీ-అన్‌హాల్ట్ రాజధానిలో ఓట్టో ఫాన్ గ్యూరికె విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో నడిపే మాస్టర్స్ కోర్సుల కోసం వచ్చినవాళ్లలో మన పిల్లలు కనపడని వీధి తక్కువ. మ్యూనిక్‌లోనో బెర్లిన్‌లోనో అద్దెకున్నవాడు నోరు మెదపకపోతే, ఇళ్లు దొరకవు కాబట్టి అని అందరూ సర్దిచెప్పేస్తారు. మాగ్డెబర్గ్ ఆ సర్దుబాటుకు లొంగదు. 1990 తర్వాత జనం పడమటికి వెళ్లిపోతే ఇక్కడ ఫ్లాట్లు ఖాళీ పడ్డాయి. 2002లో మొదలైన ‘ష్టాట్‌ఉంబౌ ఓస్ట్’ పథకం కాలంలో నోయె-ఓల్వెన్‌ష్టెట్ లాంటి పేటల్లో ప్యానెల్ భవనాలను కూల్చివేశారు. అద్దెలు మ్యూనిక్ దరిదాపుల్లో లేవు. అయినా మన పిల్లలు ఇక్కడా నోరు మెదపరు.

సూడెన్‌బుర్గ్ ప్రాంతంలోని ఒక ఫ్లాట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇద్దరు అమ్మాయిలు, ఒక ప్రైవేటు ఓనరు. జనవరి ఉదయం, ఒకమ్మాయి తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వంటగదిలో పప్పు తాలింపు వేస్తోంది. బెల్లు మోగలేదు. తలుపు తెరుచుకున్నాక ‘హలో’ వినపడింది. వచ్చింది ఓనరు. గోడలకు బూజు పడుతోందేమో చూసిపోదామని వచ్చాడు. జర్మనీలో అద్దె ఇంటి తగాదాల్లో బూజుది పెద్ద పీట. చలికి కిటికీలు మూసుకుని వండుకుంటే ఆవిరి గోడల్లో నిలుస్తుంది, రోజూ కొన్నిసార్లు కిటికీలు బార్లా తెరవాలని కాంట్రాక్టులోనే రాసిపెడతారు. ఆయన వంటగది కిటికీ తెరిచాడు, ఫ్రేము మూల వేలితో రాసి నల్లటి మరక చూపించాడు. రెండో అమ్మాయి నిద్రపోతున్న గదిలోకి వెళ్లి ఆ కిటికీ కూడా తెరిచాడు. మూడు వేళ్లు ఎత్తి, రోజుకు మూడుసార్లు అని సైగ చేసి వెళ్లిపోయాడు.

“ఆయన మంచాయనే సార్. ఒక్క మాట అనలేదు” అంది ఆ అమ్మాయి. ఆ మాటే నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చింది. ఎందుకంటే అదే అమ్మాయి ఆ రోజు నుంచి రాత్రిళ్లు తాళంచెవిని లోపలివైపు తాళంలోనే వదిలేస్తోంది. అక్కడి మామూలు తాళాలకు లోపల చెవి ఉంటే బయటి చెవి తిరగదు. ఉపాయం పనిచేసింది. కానీ రెండో అమ్మాయికి గోదాములో రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున వచ్చి తన ఇంటి తలుపు తనే తీసుకోలేక, చలిలో మెట్ల మీద నిలబడి ఫోను చేయాలి. ఒకరి నిశ్చింత రెండోవారిని వాకిట్లో నిలబెట్టింది. దాని మీద ఇద్దరికీ మాటలు లేవు కొన్నాళ్లు.

గోప్యత మీద రాసేవాళ్లలో నాకు పేచీ ఉన్నది బెయాటె ర్యోస్లర్‌తో. ఆమె ‘డేర్ వేర్ట్ డెస్ ప్రివాటెన్’ (2001) ఈ రంగంలో అందరూ తలకెత్తుకునే పుస్తకం. నిర్ణయ గోప్యత, సమాచార గోప్యత, స్థల గోప్యత అని మూడుగా విభజించి, తన దగ్గరికి ఎవరు రావాలో తానే నియంత్రించగలగడమే గోప్యత అన్నారామె. ఆ నియంత్రణ మనిషి స్వతంత్రతకు ప్రాణమన్నారు. వినడానికి బాగుంటుంది. సూడెన్‌బుర్గ్ ఫ్లాట్‌లో పెట్టి చూస్తే నిలవదు. అక్కడ నియంత్రణ సాధించిన అమ్మాయి దాన్ని తోటి అమ్మాయి మీదే ప్రయోగించాల్సి వచ్చింది. ఓనరు రాకను ఆపింది ఆమె హక్కు కాదు, ఒక ఇనుప ముక్క. రెండో అమ్మాయికి నియంత్రణ మొదటినుంచీ లేదు. మరి ఆమెకు గోప్యతే లేదనాలా? నిద్రలో ఉండగా ఎవరో గదిలోకి వచ్చి కిటికీ తెరిచారని తెలిసి ఆమె పడిన బాధకు ఏ పేరు పెట్టాలి? ర్యోస్లర్ చెప్పింది ఉండాల్సిన నియంత్రణ గురించే తప్ప ఉన్న నియంత్రణ గురించి కాదని ఆమె పక్షాన వాదించవచ్చు. కానీ ఉండాల్సిందాన్ని ఎవరు నిలబెట్టాలన్న ప్రశ్నకు ఆ నిర్వచనంలో జవాబు లేదు. నా దృష్టిలో అద్దెదారు గోప్యత అతని చేతిలోని శక్తి కాదు. రెండో తాళంచెవి ఉన్నవాడి మీద పడే బాధ్యత.

జర్మన్ న్యాయస్థానాలు నా వైపే ఉన్నాయని నమ్ముతాను. 1949 నాటి మౌలిక చట్టం 13వ అధికరణ నివాసం ఉల్లంఘించరానిదని అంటుంది. ఆ నివాసం సొంతమా అద్దెదా అని అడగదు. 1993 మే 26న రాజ్యాంగ న్యాయస్థానం మరో అడుగు వేసి, అద్దెకుంటున్నవారి స్వాధీన హక్కును కూడా ఆస్తి హక్కుగానే రాజ్యాంగం కాపాడుతుందని తీర్పిచ్చింది. వీటికన్నా నాకు పనికొచ్చేది కార్ల్స్‌రూహెలోని బుండెస్‌గెరిష్ట్స్‌హోఫ్ (సమాఖ్య అత్యున్నత న్యాయస్థానం) 2014 జూన్ 4న ఇచ్చిన తీర్పు. కేసు ఇది: పొగ పసిగట్టే అలారాలు బిగించారా లేదా చూడటానికి ఇంటి యజమానురాలు ముందే అనుకున్న రోజున వచ్చింది. వచ్చిన పని అయ్యాక, అలారాలు లేని గదుల్లోకీ వెళ్లింది. అద్దెదారు వద్దంటున్నా కిటికీ తెరవబోయింది, కిటికీ గట్టు మీది వస్తువులు జరిపింది. వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు. అతను ఆమెను రెండు చేతులతో చుట్టి పట్టుకుని ఎత్తి, గుమ్మం బయట దింపాడు. దానికి ఆమె నోటీసు లేకుండా ఇల్లు ఖాళీ చేయమంది. కింది కోర్టు ఆమెకు మొగ్గింది. కార్ల్స్‌రూహె ఒప్పుకోలేదు. ఇంటి మీద హక్కును ముందు ఉల్లంఘించింది యజమానురాలేనని, అద్దెదారు చేసింది కాస్త హద్దు దాటినా ఖాళీ చేయించేంత నేరం కాదని తేల్చింది. ఏ కారణమూ లేకుండా ఇల్లు చూసిపోయే హక్కును యజమానికిచ్చే కాంట్రాక్టు షరతు చెల్లదంది. నిర్దిష్టమైన కారణం ఉండాలి, ముందే చెప్పాలి.

ఈ కేసులో యజమానురాలికి రావడానికి అనుమతి ఉంది. ఒక గదికి ఇచ్చిన అనుమతి పక్క గదికి వర్తించదన్నదే తీర్పు సారం. మాగ్డెబర్గ్‌లోనూ ఓనర్ల రాకకు వంకలన్నీ ఇలాంటివే: అలారం, హీటర్ మీటరు రీడింగు, బూజు. ఇల్లు కాపాడుకోవాలన్న ఆత్రమే అన్నిట్లోనూ. దురుద్దేశం ఎక్కడా లేదు. అందుకే మన చట్టంతో పోలిక అవసరమైంది. 2024 జూలై నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం అక్రమ ప్రవేశం నేరం కావాలంటే ఏదైనా నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం రుజువు కావాలి. జర్మన్ శిక్షాస్మృతి 123వ సెక్షన్‌కు ఆ ఉద్దేశాలతో పనిలేదు. హక్కు లేకుండా లోపలికి చొరబడితే చాలు, ఏడాది దాకా జైలు లేదా జరిమానా. మంచాయన మంచితనం అక్కడ సమాధానం కాదు. (పెద్ద గృహ సంస్థల భవనాల్లో తేదీ, వేళ రాసిన కాగితం ముందే మెట్ల దగ్గర అంటిస్తారు. అక్కడ ఈ బాధ తక్కువ.)

ఇంత చట్టం అండగా ఉన్నా ఎందుకు అడగరు? భాష రాక అన్నది సగం జవాబే. అసలు సంగతి కాగితాల్లో ఉంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో అన్మెల్డుంగ్ (చిరునామా నమోదు) చేయించుకోవాలి. 2015 నవంబరు 1 నుంచి దానికి ఇల్లిచ్చినవారి సంతకంతో ధ్రువపత్రం తప్పనిసరి. అన్మెల్డుంగ్ లేకపోతే నివాస అనుమతి నుంచి మొదలుకుని ఏదీ ముందుకు కదలదు. పైగా మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ ఆయన దగ్గరే ఉంటుంది. సంతకం ఆయనది, డబ్బు ఆయన చేతిలో ఉంది, రెండో తాళంచెవి ఆయన జేబులో ఉంది. అద్దెదారు తన ఖర్చుతో తాళం మార్చుకుని, పాతది దాచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించవచ్చని అక్కడ అందరికీ తెలిసిన సంగతే. ఆ పని చేసిన తెలుగు విద్యార్థి నాకు తారసపడలేదు.

మనవాళ్లకు ప్రైవసీ అలవాటు లేదు, అందుకే పట్టించుకోరు అనే మాట చదువుకున్నవాళ్ల నోటే వింటున్నాను. ఇది ఒట్టి అబద్ధం. మన ఊళ్లలో పాలవాడైనా పొరుగావిడైనా వాకిట్లో నిలబడి “ఏమ్మా, ఉన్నారా?” అని పిలవకుండా గడప దాటరు. తలుపు తీసే ఉన్నా పిలుస్తారు. ఇంటికి పెద్దవాడు కూడా కోడలున్న గది ముందు దగ్గి వస్తాడు. తలుపులకు గడియలు వేయని సమాజం తలుపుల మర్యాదను ఇంత శ్రద్ధగా పాటించింది. ఆ మర్యాద హైదరాబాదులో ‘ఓన్లీ ఫ్యామిలీస్’ టు-లెట్ బోర్డుల దగ్గర, కింద వాటాలో ఓనరు, పై వాటాలో బ్యాచిలర్లు ఉండే ఇళ్లలో దెబ్బతింది. నీళ్ల మోటారు పేరుతో పైకొచ్చి గదిలో ఎవరున్నారో చూసిపోయే ఓనర్లను భరించి భరించి మన పిల్లలు విమానం ఎక్కుతున్నారు. అలవాటైంది మౌనం. బాధ పాతదే.

గడపకిచ్చే ఆ మర్యాదకు న్యాయరూపం కూడా తెలుగు నేల మీద పుట్టిన కేసులోనే దొరుకుతుంది. స్టాంపు చట్టం 73వ సెక్షన్‌కు ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా సరే ప్రైవేటు స్థలాల్లోకి వెళ్లి పత్రాలు చూడటానికి వీలు కల్పించింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ నడిచిన వివాదంలో మన హైకోర్టు దాన్ని కొట్టేస్తే, 2004లో సుప్రీంకోర్టు ఆ కొట్టివేతను సమర్థించింది. గోప్యత మనుషులకు చెందింది, స్థలాలకు కాదంది. ఖాతాదారు తన పత్రాలను బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన వాటి మీద గోప్యత పోదంది. గోప్యత ప్రాథమిక హక్కని తేల్చిన 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పుకు ఇది ముందడుగు. పత్రాల స్థానంలో తాళంచెవిని పెట్టండి. చేయిజారిన తర్వాత కూడా మిగిలే గోప్యత ఇది. ర్యోస్లర్ నియంత్రణ సిద్ధాంతం చేరలేని చోటికి హైదరాబాదు కేసు ముందే చేరింది. 2021 నమూనా అద్దె చట్టం యజమాని 24 గంటల ముందు తెలియజేసి రావాలనడంలోనూ ఈ ఆలోచనే ఉందని నా అభిప్రాయం.

మాగ్డెబర్గ్‌కు తనదైన చరిత్ర ఒకటుంది, దాన్ని విస్మరించలేం. తూర్పు జర్మనీ కాలంలో ఇక్కడి ఇళ్లలో ‘హౌస్‌బూఖ్’ ఉండేది. మెట్లదారిలోని కుటుంబాల వివరాలు, విదేశాల నుంచి వచ్చి బసచేసిన అతిథుల పేర్లు అందులో రాయాలి, దాన్ని చూసుకోవడానికి ఒకరుండేవారు. 1968 రాజ్యాంగం 37వ అధికరణ నివాసం ఉల్లంఘించరానిదని హామీ ఇచ్చిన దేశం అది. ఆ దేశపు రహస్య పోలీసులే ఇంట్లో మనుషులు లేనప్పుడు ఇళ్లు సోదా చేశారు. ఊళ్లోని మోరిట్స్‌ప్లాట్స్‌లో వారు నడిపిన జైలు ఇప్పుడు స్మారకం. ఆ కాలంలో పెరిగిన ఓనరుకు, మెట్లదారిలో కొత్త ముఖం కనపడితే ఎవరో కనుక్కోవడం ఇంటిపట్ల బాధ్యతగానే తోస్తుందని నాకు బలంగా అనిపిస్తుంది.

అయితే నేను విన్నవాటిలో చేదైన ఫిర్యాదులు జర్మన్ ఓనర్ల మీద రాలేదు. కాంట్రాక్టు ఒక సీనియర్ పేరున ఉంటుంది, గదులు జూనియర్లకు తిరిగి అద్దెకిస్తాడు. చట్టం దృష్టిలో ఆ జూనియర్‌కు అతనే ఇల్లిచ్చినవాడు, అతను మాత్రం అన్న. సెలవులకు ఊరెళ్లి తిరిగొచ్చేసరికి తన మంచం మీద ఎవరో పడుకున్నారని తెలిసి ఒక కుర్రాడు అడిగాడట, “అన్నా, నా రూమ్ ఎందుకు తీశావ్?” అని. “ఏరా తమ్ముడూ, నా ఇంట్లో నాకు పర్మిషనా? మనవాడే, రెండు రోజులుండి వెళ్లాడు” అని జవాబు. అన్న అన్నాక తాళం అడగడం తప్పవుతుంది. ఓనరు బెల్లు కొట్టకుండా వస్తే కనీసం వాట్సాప్ గ్రూపులో చెప్పుకుంటారు. అన్న వస్తే ఆ గ్రూపు నడిపేదే అన్న. విమానాశ్రయం నుంచి తీసుకొచ్చి, మొదటి రాత్రి అన్నం పెట్టి, అన్మెల్డుంగ్ కాగితం మీద సంతకం పెట్టినవాడు అతను. మన వలస సంఘాల మీద రాసినవారు ఈ ఆత్మీయతను పొగిడినంతగా దాని ఖరీదును లెక్కగట్టలేదు.

123వ సెక్షన్ ఆ అన్నకూ వర్తిస్తుంది. బాధితుడు స్వయంగా కోరితేనే విచారణ మొదలవుతుంది. ఆ కోరిక కూడా విషయం తెలిసిన మూడు నెలల్లోపు అందాలి. ఆ కుర్రాడికి ఆ మూడు నెలల్లోనే నివాస అనుమతి పొడిగింపు ఉంది. దానికి కావలసిన ఇంటి కాగితాలు అన్న దగ్గర ఉన్నాయి.