విమానం టికెట్‌లో కులం కనిపిస్తుందా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి పల్లెల నుంచి విమానం ఎక్కుతున్న మొదటి తరం దళితులు ఇవాళ చాలామందే ఉన్నారు. కొందరు ప్రభుత్వ పథకాల సాయంతో పై చదువులకు వెళ్తున్నారు. కొందరు గల్ఫ్‌కు పనికోసం వెళ్తున్నారు. గన్నవరంలో ఎక్కినా, శంషాబాద్‌లో ఎక్కినా, టికెట్ కొన్న క్షణం నుంచి వాళ్ల పేరు, ఫోన్ నంబరు, చిరునామా, డబ్బు కట్టిన వివరాలు అనేక చేతులు మారుతుంటాయి. ఇంటిపేరు వినగానే, కాలనీ పేరు చూడగానే కులం పోల్చుకునే సమాజం మనది. కాబట్టి ఇది కంప్యూటర్ల వాళ్లకు వదిలేయాల్సిన సంగతి కాదు.

పీఎన్ఆర్: కస్టమ్స్ చేతికి మన ప్రయాణం

ప్రతి బుకింగ్‌కూ విమాన సంస్థ దగ్గర ఒక రికార్డు తయారవుతుంది. దాన్నే పీఎన్ఆర్ అంటారు. 2022 ఆగస్టు 8న కేంద్రం, 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద దీనిపై నిబంధనలు తెచ్చింది. దేశంలోకి వచ్చే, దేశం నుంచి వెళ్లే అంతర్జాతీయ విమానాల ప్రయాణికుల వివరాలను విమాన సంస్థలు కస్టమ్స్ శాఖకు ఇవ్వాలి. విమానం బయల్దేరడానికి 24 గంటల ముందే అవి చేరాలి. ఎవరితో కలిసి వెళ్తున్నారు, డబ్బు ఎలా కట్టారు, ఏ ఏజెంటు టికెట్ తీశాడు, ఏ సీటు, ఎంత లగేజీ వంటివన్నీ అందులో ఉంటాయి. కస్టమ్స్ శాఖ వాటిని 5 ఏళ్లు ఉంచుకోవచ్చు. ఇతర దర్యాప్తు సంస్థలకూ ఇవ్వవచ్చు.

ఈ వివరాలతో ఒక మనిషి జాతి, మతం, రాజకీయ అభిప్రాయాలు, కార్మిక సంఘ సభ్యత్వం, ఆరోగ్యం, లైంగిక జీవితం బయటపడేలా విశ్లేషణ చేయకూడదని నిబంధనల్లో ఉంది. మంచిదే. కానీ ఆ జాబితాలో కులం అన్న మాట లేదు. విదేశాల్లో రాసుకున్న జాబితాకు దగ్గరగా మన జాబితా తయారైంది తప్ప, మన దేశంలో వివక్షకు మూలమైనదేదో అందులోకి ఎక్కలేదు.

యూరప్‌లో ఏం జరిగిందో చూడండి. 2022 జూన్ 21న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం బెల్జియం కేసులో తీర్పు చెప్పింది. ఏ అనుమానమూ లేని ప్రయాణికుల వివరాలను 6 నెలలు దాటి ఉంచుకోకూడదంది. ఆ తీర్పు వచ్చిన ఏడు వారాలకే మన దగ్గర అందరికీ 5 ఏళ్లు అని రాశారు.

ముఖమే గుర్తింపు కార్డు

ముఖాన్ని గుర్తించి విమానాశ్రయంలోకి పంపే డిజియాత్ర 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది. 2023లో హైదరాబాద్, విజయవాడలకూ వచ్చింది. దీన్ని నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, డిజియాత్ర ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని కంపెనీ. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం, ఐదు విమానాశ్రయ కంపెనీలకు మిగతా 74 శాతం వాటా ఉంది. వివరాలు ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటాయనీ, విమానాశ్రయానికి పంపినవి 24 గంటల్లో చెరిపేస్తారనీ చెబుతున్నారు. ఆ మాట నిజమో కాదో చూసే స్వతంత్ర సంస్థ ఏది అన్నదే ప్రశ్న.

ఇది స్వచ్ఛందం. ఎవరూ తప్పనిసరి చేయకూడదు. అయినా అడగకుండానే గేటు దగ్గర ఫొటో తీసి నమోదు చేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఇంగ్లీషు, హిందీ సరిగా రాని కూలీ మనిషి గేటు దగ్గర ఆగి "వద్దు" అనగలడా? సమ్మతి అన్న మాటకు అర్థం అక్కడ తేలుతుంది.

లీకైతే ఏమవుతుంది

2021లో ఎయిర్ ఇండియా ఒక సంగతి బయటపెట్టింది. ప్రయాణికుల సమాచారం నిర్వహించే సీటా సంస్థ సర్వర్లపై దాడి జరిగి, దాదాపు 45 లక్షల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు వివరాలు అందులో ఉన్నాయి. పదేళ్ల కిందట ప్రయాణించిన వాళ్లవి కూడా ఉన్నాయి.

మన రాష్ట్రంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపించాయి. వాటితో పాటు కులం, మతం కూడా ఉన్నాయి. కులం పేరు కొట్టి వెతికితే ఇళ్లు బయటపడేలా ఉందా జాబితా. కారంచేడు, చుండూరు చూసిన నేలపై అలాంటి జాబితా ఎంత ప్రమాదమో మనకు వేరే చెప్పక్కర్లేదు.

చట్టం ఎక్కడుంది

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ జోక్యం అవసరాన్ని మించకూడదు.

2019లో పార్లమెంటుకు వచ్చిన డేటా రక్షణ బిల్లులో కులం, తెగలను సున్నితమైన సమాచారంగా గుర్తించారు. 2022 ఆగస్టు 3న ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. తర్వాత వచ్చిన 2023 చట్టంలో సున్నితమైన సమాచారం అన్న విభాగమే లేదు. కులం వివరానికీ కరెంటు బిల్లు వివరానికీ ఒకటే రక్షణ. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే.

అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. 2025 నవంబర్ నుంచి ఆ మార్పు అమల్లోకి వచ్చింది. "వ్యక్తిగత సమాచారం" అంటూ దరఖాస్తు తిప్పిపంపడం ఇప్పుడు అధికారికి తేలిక. సబ్‌ప్లాన్ నిధులు, అసైన్డ్ భూముల లబ్ధిదారుల జాబితాలు అడిగే కార్యకర్తలకు ఇది నేరుగా దెబ్బ. పౌరుడి జీవితం ప్రభుత్వానికి తెరిచి ఉంటుంది, ప్రభుత్వ లెక్కలు మాత్రం పౌరుడికి మూసుకుపోతాయి.

మనం చేయగలిగినవి

విమానాశ్రయంలో గుర్తింపు కార్డు చూపించే మామూలు లైను ఉంటుంది. అందులో వెళ్లడం మన హక్కు. ఫొటో తీస్తుంటే ఎందుకని అడగాలి. పై చదువులకు వెళ్లే పిల్లలకు వీసా, ఫీజుల సంగతితో పాటు ఇదీ చెప్పి పంపాలి. సమాచార దరఖాస్తు తిరస్కరిస్తే, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉందని గుర్తుపెట్టుకుని అప్పీలుకు వెళ్లాలి.

పీఎన్ఆర్ నిబంధనల నిషేధ జాబితాలో కులం చేర్చాలనీ, డేటా చట్టంలో కులానికి ప్రత్యేక రక్షణ కావాలనీ, పర్యవేక్షణ ప్రభుత్వం చేతిలో లేని సంస్థకు అప్పగించాలనీ దళిత సంఘాలు తమ డిమాండ్లలో రాయాలి. కులగణన కావాలని అడిగే మనమే ఆ లెక్కలకు రక్షణ కావాలని కూడా అడగాలి. జనాభాలో మన లెక్క తేలడం హక్కు కోసం. ఒక్కొక్కరినీ వేలెత్తి చూపించడానికి అదే లెక్క వాడకుండా ఆపడం కూడా ఆ హక్కులో భాగమే.