రిజిస్టరు ఉత్తరం నుంచి ఇంటర్నెట్ దాకా

మనం చదువుకునే రోజుల్లో ముఖ్యమైన కాగితమైతే రిజిస్టరు పోస్టులో పంపేవాళ్లం. సంతకం పెట్టిన కార్డు తిరిగొస్తేనే మనసు కుదుటపడేది. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ కంప్యూటర్ల కోసం ప్రకటించిన పద్ధతి కూడా దాదాపు అదే. పంపే సమాచారాన్ని ముక్కలు చేసి, ఒక్కోదానికి చిరునామా, వరుస సంఖ్య వేస్తారు. ముక్కలు వేర్వేరు దారుల్లో వెనకాముందుగా చేరినా అవతలి యంత్రం సరిగ్గా పేర్చుకుంటుంది. అందినట్టు కబురు రాని ముక్కను ఇవతలి యంత్రం మళ్లీ పంపుతుంది. యంత్రం ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. కొండ సంతలో జాతాపులు, గదబలు, ఒడియావాళ్లు ఏ భాష మాట్లాడినా కొలత ఒక్కటే కదా!

అమెరికాలోని అర్పానెట్ 1983 జనవరి 1న ఈ టీసీపీ-ఐపీకి మారింది. మన దేశంలో 1986లో ఎర్నెట్ మొదలైంది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను అందరికీ తెరిచింది. తరవాత మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ కేబుళ్లు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు చేరాయి.

అయినా సిగ్నల్ కోసం గుట్టలెక్కే పిల్లలు మన కొండల్లో ఇంకా ఉన్నారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు సగంలో ఆగితే టీసీపీ కొంతసేపు మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది, ఆపైన వదిలేస్తుంది. మర్నాడు ఆ పిల్ల పాచిపెంట దిగొచ్చి మొదటినుంచీ నింపుకోవాలి.