రైలుపట్టణం, రేవు, అభయశాసనం

బిలాస్‌పూరు సముద్రానికి దూరమైన రైల్వే పట్టణం. అయినా అక్కడి తెలుగు కుటుంబాలకు కొలువిచ్చిన బెంగాల్ నాగపూర్ రైల్వేయే, మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతికై విశాఖలో రేవు కావాలని ప్రతిపాదించింది. 1931లో రాయపూరు–విజయనగరం మార్గం పూర్తి అయింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ఆ రేవున ప్రవేశించింది.

నౌకాగాథలు చదివి, బల్లపై నౌకాయుద్ధాలు ఆడుకొనే రసికులకు 1805 నాటి ట్రఫాల్గర్ సమరం కంఠస్థం. వారు మన తీరపు మోటుపల్లినీ తలచుకోవలె. పూర్వరాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సొత్తు సమస్తం హరించేవారు. నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వర్తకునికే విడిచిపెడతానని కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. ఆ వర్తకుని భయమూ, ఆ రాజు ఇచ్చిన మాటా తెలుగు సాగరకథకు చాలినంత వస్తువు.