అల్సరేటివ్ కొలైటిస్: మందుల ప్రయోగంలో చేరడం

అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తవిరేచనాలు తెచ్చే దీర్ఘవ్యాధి. దీనిపై పేరుపొందిన తొలి ప్రయోగాన్ని ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 1955లో ప్రచురించారు. 210 మందిలో కొందరికి కార్టిసోన్, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు.

ప్రయోగంలో చేరాలంటే ముందు జబ్బు తీవ్రత తేలాలి. దాన్ని కొలిచే మేయో స్కోరు 0 నుంచి 12 వరకు ఉంటుంది. విరేచనాల సంఖ్య, రక్తం, ఎండోస్కోపీలో పేగు తీరు, డాక్టరు అంచనా, ఒక్కోదానికి గరిష్ఠంగా 3 చొప్పున. 2005లో ఫలితాలు వెలువడిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ప్రయోగాలు ఆక్ట్-1, ఆక్ట్-2లలో స్కోరు 6కు తగ్గనివారినే, 364 మంది చొప్పున తీసుకున్నారు. ఇలాంటి ప్రయోగాల్లో రోగి ఎన్నిసార్లు దొడ్డికి వెళ్లిందీ, రక్తం చారలుగా పడిందా, ఉత్త రక్తమే పోయిందా అన్నదీ రోజూ డైరీలో రాయాలి. ఇంట్లోవాళ్లకు చెప్పడానికే మొహమాటపడే ఆ వివరాలే ఇక్కడ అసలైన సాక్ష్యం.

ఎవరికి అసలు మందు దక్కిందో సాధారణంగా రోగికీ, డాక్టరుకీ తెలియనివ్వరు. భారతదేశంలో మందుల ప్రయోగాలపై 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం అంగీకారపత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగువారు తెలుగు ప్రతి అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చి చదువుకోవడం మంచిది. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు.