పసికందుల దవడలో కణితి: ఉపేక్షిస్తే ముప్పు

ఏడాది నిండని శిశువు పైదవడ చిగుళ్లపై నీలి నలుపు వాపు కనిపించి, కొద్ది వారాల్లోనే వేగంగా పెరుగుతుంటే పాలపళ్లు వస్తున్నాయని సరిపెట్టుకోరాదు. అది మెలనోటిక్ న్యూరోఎక్టోడెర్మల్ ట్యూమర్ అనే అరుదైన కణితి కావచ్చు. దీనిని క్రోంపెచర్ అనే వైద్యుడు 1918లో తొలిసారి వర్ణించారు.

ఈ కణితి చాలావరకు క్యాన్సర్ కాదు. అయినా ఎముకను తినివేస్తుంది, పాలపళ్ల మొలకలను పక్కకు నెట్టివేస్తుంది, శిశువు పాలు తాగడం కష్టమవుతుంది. సీటీ స్కాన్ ద్వారా కణితి విస్తృతిని తెలుసుకొని, ముక్క పరీక్షతో వ్యాధిని నిర్ధారిస్తారు.

శస్త్రచికిత్సే ప్రధాన మార్గం. కణితితో పాటు చుట్టూ ఉన్న ఎముకను కొంత తొలగిస్తారు. తొలగించలేనంత పెద్దదైతే, అరుదుగా, ముందు మందులతో కుదిస్తారు. అయినా కొందరిలో కణితి తిరిగి వస్తుంది. అది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. అందువల్ల గాయం మానినంత మాత్రాన పరీక్షలు మానరాదు. కోల్పోయిన పళ్ల స్థానంలో తరువాత కృత్రిమ దంతాలు అమర్చవచ్చు.

పుట్టుకతోనే చిగుళ్లపై కనిపించే ఎపులిస్ దీనికి భిన్నం. అది పుట్టిన తరువాత పెరగదు, తొలగిస్తే తిరిగి రాదు. రెండింటి తేడాను వైద్యులే తేల్చాలి. ఇంట్లో వాపును గుచ్చడం, పసర్లు పూయడం తగదు.